ఒంట్లోని రక్షణ వ్యవస్థే రక్తకణాలను నాశనం చేస్తుంటే: జబ్బు కుక్కకు ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

ప్రశ్న: మాది కాకినాడ. మా స్వీటీ ఆరేళ్ళ కాకర్ స్పానియల్, బరువు 12 కిలోలు. గత నెలలో ఉన్నట్టుండి నీరసపడింది, చిగుళ్ళు తెల్లబడ్డాయి, మూత్రం కాఫీ రంగులో వచ్చింది. పరీక్షలు చేసి, దాని రోగనిరోధక వ్యవస్థే ఎర్ర రక్తకణాలను చంపేస్తోందన్నారు. పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 13కు పడిపోతే రక్తం ఎక్కించారు. ఇప్పుడు 24కు వచ్చింది. ప్రెడ్నిసలోన్, క్లోపిడోగ్రెల్, డాక్సీసైక్లిన్ మాత్రలు వేస్తున్నాం. తిండి సంగతికి వస్తే ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. మా అత్తగారు బీట్‌రూట్, ఖర్జూరం, మేక కార్జం పెడితే రక్తం పడుతుందంటారు. తమ్ముడు పచ్చి మాంసం పెట్టమంటాడు. పక్కింటివారు తిప్పతీగ కషాయం, బొప్పాయి ఆకు రసం చెప్పారు. మందుల షాపులో ఐరన్ టానిక్ ఇచ్చారు. స్వీటీ మాత్రం రోజంతా ఆకలితో అల్లాడిపోతూ చెత్తబుట్ట కూడా వెతుకుతోంది. దానికి ఏం పెట్టాలి?

జవాబు: స్వీటీ ఒంట్లో రక్తం తయారుకాక తగ్గలేదు. తయారైన రక్తాన్ని దాని రక్షణ వ్యవస్థే నాశనం చేస్తున్నందువల్ల తగ్గింది. మీ ఇంట్లో వినిపిస్తున్న సలహాలన్నిటినీ తూచి చూడడానికి ఈ ఒక్క విషయం చాలు కనుక దీన్ని కాస్త వివరంగా చెబుతాను. ఆరోగ్యంగా ఉన్న కుక్క ఎర్ర రక్తకణం సుమారు 110 రోజులు బతుకుతుంది. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ ఆ కణాలను పరాయివిగా పొరబడి వాటికి ప్రతిరక్షకాలను అంటిస్తుంది. అలా గుర్తు పడిన కణాలను ప్లీహం, కాలేయం కొద్ది రోజుల్లోనే పట్టి విరగ్గొట్టేస్తాయి. మీరు చూసిన కాఫీ రంగు మూత్రం ఆ విరిగిన కణాల నుంచి బయటపడిన రంగే. మామూలుగా 37 నుంచి 55 మధ్య ఉండవలసిన పీసీవీ 13కు దిగిందంటే, ఎముకల్లోని మూలుగ ఎంత వేగంగా కొత్త కణాలను తయారుచేసినా, అంతకన్నా వేగంగా అవి నాశనమవుతున్నాయని అర్థం. ఆ నాశనాన్ని ఆపగలిగేది మందే. అమెరికన్ కాలేజ్ ఆఫ్ వెటరినరీ ఇంటర్నల్ మెడిసిన్ 2019లో ఈ జబ్బుకు ప్రచురించిన చికిత్సా మార్గదర్శకాల్లోనూ ప్రధాన స్థానం రోగనిరోధక శక్తిని అణచే మందులకూ, రక్తం గడ్డకట్టకుండా చూసే మందులకూ దక్కింది. మీ డాక్టరుగారు వేస్తున్న ప్రెడ్నిసలోన్ మొదటి రకానికీ, క్లోపిడోగ్రెల్ రెండో రకానికీ చెందినవి.

అలాగని తిండిని తేలిగ్గా తీసుకోమని చెప్పడం లేదు. ఏ తిండీ ఈ జబ్బును నయం చేయదు గాని, తప్పు తిండి మాత్రం మిగిలి ఉన్న రక్తకణాలను విరగ్గొట్టగలదు, మందును ఒంటికి పట్టకుండా చేయగలదు, అణగి ఉన్న రోగనిరోధక శక్తి మీదికి కొత్త జబ్బును తెచ్చిపెట్టగలదు. అందుకే ఏది పెట్టాలన్న దానికన్నా ముందు ఏది పెట్టకూడదన్నదే చెబుతాను.

అన్నిటికన్నా ముందు చెప్పవలసింది ఉల్లి, వెల్లుల్లి గురించి. వీటిలోని గంధకపు పదార్థాలు కుక్క ఎర్ర రక్తకణాలను నేరుగా దెబ్బతీసి విరగ్గొడతాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కల్లోనే కిలో బరువుకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లిపాయ రక్తాన్ని చెప్పుకోదగ్గంతగా దెబ్బతీసింది. స్వీటీ బరువుకు లెక్కకడితే అది ఒకటి రెండు పెద్ద ఉల్లిపాయలకు సమానం. సగం రక్తంతో బతుకుతున్న కుక్క విషయంలో ఇంతవరకు పరవాలేదని చెప్పగల కొలత లేదు. పైగా కొద్దికొద్దిగా రోజూ తిన్నా ఆ హాని పోగుపడుతుంది. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి పొడి చేసినా ఆ గుణం పోదు. మన వంటిళ్ళలో ఇది ఎన్ని రూపాల్లో ఉంటుందో ఒకసారి చూసుకోండి: సాంబారు, పులుసు, కోడికూర గ్రేవీ, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించిన ముక్కలు, బిర్యానీలో మిగిలిన అన్నం, వెల్లుల్లి వేసిన చారు. ముక్క కడిగి పెడితే సరిపోతుందనుకునేవారు చాలామంది ఉన్నారు, కాని ఆ రసం అప్పటికే ముక్కలోకి దిగిపోయి ఉంటుంది. బజారులో దొరికే సూప్ పొడులు, చికెన్ రుచి క్యూబులు, మసాలా చిప్స్‌లో కూడా ఉల్లి పొడి ఉంటుంది. స్వీటీ చెత్తబుట్ట వెతుకుతోందని రాశారు. అందులో ఉల్లి తొక్కలు, మిగిలిన కూర ఉంటాయి కనుక ఈ పూటే దానికి గట్టి మూత పెట్టండి, లేదా తలుపున్న గదిలోకి మార్చండి.

జింక్ కూడా ఇలాంటిదే. తిండిలో కొద్దిగా ఉండవలసిన ఖనిజమే అయినా, ఎక్కువైతే అది కూడా ఎర్ర కణాలను విరగ్గొడుతుంది. కనుక మనుషులకు అమ్మే జింక్ మాత్రలు వేయకండి. చంటిపిల్లల ఒరుపులకు రాసే జింక్ ఆక్సైడ్ క్రీములు, జింక్ పూత ఉన్న చిన్న బోల్టులు, నట్లు దాని నోటికి అందనివ్వకండి. ద్రాక్షపండ్లు, కిస్‌మిస్‌లు, చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్ ఏ కుక్కకైనా విషమే.

తమ్ముడు చెప్పిన పచ్చి మాంసం ఇప్పుడు అసలు వద్దు. ప్రెడ్నిసలోన్ ఎర్ర కణాల నాశనాన్ని ఆపుతోందంటే, అది స్వీటీ రక్షణ వ్యవస్థను అణచి ఆపుతోందన్నమాట. మామూలు రోజుల్లో కుక్క కడుపు తట్టుకునే సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవులు ఈ స్థితిలో పేగు దాటి రక్తంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది. పచ్చి మాంసంతో పాటు పచ్చిగుడ్డు, కాచని పాలు, పచ్చి ఎముకలు, ఎండబెట్టిన చెవులు, కాళ్ళ వంటి నమిలే సరుకులు కూడా మానండి. మేక పాలు పెట్టినా కాచి చల్లార్చి కొద్దిగా మాత్రమే పెట్టండి, విరేచనాలైతే మానండి. వండిన ఎముకలు కూడా వద్దు. అవి పెళుసుగా విరిగి పేగును గీస్తాయి. క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్న కుక్కకు రక్తం ఆగడం అసలే కష్టం. ఈ జబ్బుతో పాటు కొన్ని కుక్కలకు ప్లేట్‌లెట్లు కూడా పడిపోతాయి. అలాంటప్పుడు గట్టి బిస్కెట్టు నమిలినా చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది. స్వీటీ ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంతో డాక్టరుగారిని అడగండి. తక్కువగా ఉందంటే తిండంతా నానబెట్టి మెత్తగా పెట్టవలసిందే.

ఇక ఐరన్ టానిక్. దాన్ని పక్కన పెట్టమనడానికి మూడు కారణాలున్నాయి. విరిగిన కణాల్లోని ఇనుము చాలావరకు ఒంటి నుంచి బయటికి పోలేదు, కాలేయంలోనూ ప్లీహంలోనూ నిలవై మూలుగకు మళ్ళీ అందుతోంది. దానికి తోడు ఎక్కించిన రక్తంతో మరికొంత ఇనుము వచ్చి చేరింది. ఇది మొదటి కారణం. రెండోది, ఇనుము కడుపులో డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు అంటుకుని ఆ మందును రక్తంలోకి వెళ్ళనివ్వదు. మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపిస్తుంది. ప్రెడ్నిసలోన్ వల్ల కడుపులో పుండు పడి రక్తం కారితే మలం తారులా నల్లగా వస్తుంది, ఇంట్లో మీరు పట్టుకోగల ప్రమాద సూచనల్లో అది పెద్దది. ఐరన్ టానిక్ కూడా మలాన్ని నల్లగానే మారుస్తుంది కనుక, టానిక్ పోస్తున్న ఇంట్లో ఆ సూచన కనబడినా ఎవరూ గుర్తించరు. నిజంగా కడుపులోకి చాలాకాలం రక్తం కారి ఇనుము తగ్గిన కుక్కలు ఉంటాయి. వాటికి పరీక్ష చేసి డాక్టరే రాస్తారు.

మీ అత్తగారు చెప్పినవాటిలో కార్జం ఒక్కటి కొద్దిగా పనికొస్తుంది. బాగా ఉడికించిన ముక్క, 15 నుంచి 20 గ్రాములు, వారానికి రెండుసార్లు పెట్టవచ్చు. రోజూ పెడితే విటమిన్ ఏ, రాగి ఒంట్లో పేరుకుంటాయి. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం కాదు. పైగా మలానికి ఎర్రరంగు పట్టించి, రక్తం పడుతోందేమోనని మిమ్మల్ని హడలగొడుతుంది, లేదా నిజంగా రక్తం పడినప్పుడు బీట్‌రూట్ రంగులే అని ఊరుకునేలా చేస్తుంది. ఖర్జూరంలో చక్కెర ఎక్కువ, ప్రెడ్నిసలోన్ ఎలాగూ రక్తంలో చక్కెరను పెంచుతుంది కనుక అది వద్దు. ఆవిడ ప్రేమతోనే చెబుతున్నారు, ఆ ప్రేమకు పని దొరకాలి. రోజూ తిండి తూచి గిన్నెల్లో పెట్టే బాధ్యత ఆవిడకే అప్పగించండి. అప్పుడు పక్కనుంచి మరో చెయ్యి తినుబండారం అందించడం కూడా తగ్గుతుంది.

తిప్పతీగను రోగనిరోధక శక్తి పెరగాలని వాడతారు. స్వీటీకి ఇప్పుడు పెరగకూడనిది అదే. ఒకవైపు ప్రెడ్నిసలోన్‌తో అణచివేస్తూ మరోవైపు కషాయంతో రెచ్చగొట్టే ప్రయత్నం చేయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అశ్వగంధ, ఎకినేసియా, ఇమ్యూనిటీ పేరుతో అమ్మే పొడులన్నిటికీ ఇదే మాట వర్తిస్తుంది. బొప్పాయి ఆకు రసం మనవైపు డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్లకని తాగించే అలవాటు నుంచి వచ్చింది. రక్షణ వ్యవస్థే కణాలను చంపే ఈ జబ్బులో దాన్ని నమ్ముకోవడానికి ఆధారమేదీ లేదు. పైగా ఆ చేదు రసంతో వాంతి అయితే వేసిన మాత్ర కూడా బయటికి వచ్చేస్తుంది. వంటలో చిటికెడు పసుపు పడితే ఏమీ కాదు గాని, పసుపు సారంతో చేసిన మాత్రలు, చేపనూనె మాత్రలు రెండూ రక్తం గడ్డకట్టే తీరును కొంత మార్చగలవు కనుక, క్లోపిడోగ్రెల్ వేస్తున్నంతకాలం డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి.

ఇప్పుడు ఏం పెట్టాలన్నది చూద్దాం. స్వీటీ ఇదివరకే మంచి కంపెనీ తిండికి, అంటే అన్ని పోషకాలూ ఉన్న పూర్తి ఆహారమని సంచి మీద రాసి ఉన్నదానికి, అలవాటు పడి ఉంటే దాన్నే కొనసాగించడం అన్నిటికన్నా క్షేమం. కొవ్వు మరీ ఎక్కువ లేనిది చూసుకుని, గోరువెచ్చని నీటిలో నానబెట్టి పెట్టండి. చికిత్స మధ్యలో బ్రాండు మార్చవలసి వస్తే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. లేకపోతే విరేచనాలు అయినప్పుడు అవి మందు వల్లో తిండి వల్లో తేల్చడం కష్టమవుతుంది.

ఇంటి వంటే అలవాటైతే, దాని కొలతలు ఇలా ఉండవచ్చు. పన్నెండు కిలోల బరువున్న, ఎదిగిన కుక్కకు రోజుకు దాదాపు 650 నుంచి 700 క్యాలరీలు కావాలి. చర్మం తీసిన కోడిమాంసం ఉడికించాక 200 గ్రాములు, మెత్తగా వండిన అన్నం 200 గ్రాములు, పూర్తిగా ఉడికిన కోడిగుడ్డు ఒకటి, ఉడికించిన గుమ్మడికాయ, సొరకాయ, బీన్స్, క్యారెట్‌లలో ఏదైనా 100 గ్రాములు, ఒక చిన్న చెంచా పొద్దుతిరుగుడు నూనె కలిపితే ఆ లెక్కకు వస్తుంది. ఉప్పు, కారం, పోపు ఏమీ వద్దు. ప్రెడ్నిసలోన్ కండను కరిగిస్తుంది కనుక మాంసకృత్తులు తగ్గించకూడదు. డాక్టరుగారు మూత్రపిండాల దోషమేదైనా ఉందని చెప్పి ఉంటే మాత్రం ఈ కొలత వారికి చూపించాకే మొదలుపెట్టండి. నెయ్యి, మీగడ, మటన్ కొవ్వు, కోడి చర్మం వద్దు. ఈ మందుల మీద ఉన్న కుక్కకు కొవ్వు ఎక్కువైతే క్లోమం వాచిపోయే ప్రమాదం ఉంది.

ఈ గిన్నెలో ఒక పెద్ద లోటు ఉంది, అది సున్నం, అంటే కాల్షియం. మాంసం, అన్నం నెలల తరబడి పెట్టి కాల్షియం మరిచిపోతే ఒళ్ళు దాన్ని ఎముకల నుంచి లాక్కుంటుంది. ప్రెడ్నిసలోన్ కూడా ఎముకకు మంచి చేసే మందు కాదు. కోడిగుడ్డు పెంకులను నీళ్ళలో మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తని పొడి చేసి, వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తగలకుండా జల్లించి, రోజుకు అర టీస్పూను కలపండి. ఈ పొడి, పెరుగు, పాలు డాక్సీసైక్లిన్ వేసే పూట గిన్నెలో పడకూడదు, కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. అయొడిన్, విటమిన్ డీ, విటమిన్ ఈ, రాగి వంటివి కూడా ఈ వంటలో చాలవు. నెలకు మించి ఇంటి వంటే పెట్టేటట్లయితే కుక్కల కోసమే తయారైన విటమిన్, ఖనిజాల మిశ్రమాన్ని డాక్టరుచేత రాయించుకోండి.

మాత్రకూ తిండికీ పొత్తు కుదర్చడం కూడా ముఖ్యమే. ప్రెడ్నిసలోన్ ఖాళీ కడుపున వేయకూడదు, సగం తిండి తిన్నాక వేయండి. డాక్సీసైక్లిన్ గొంతులో అంటుకుంటే అక్కడ పుండు చేస్తుంది కనుక వేసిన వెంటనే నీళ్ళో, మెత్తని తిండో లోపలికి పోవాలి. రేపు డాక్టరుగారు రోగనిరోధక శక్తిని అణచే మరో మందు సైక్లోస్పోరిన్ కూడా కలిపితే పద్ధతి తలకిందులవుతుంది, దాన్ని తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేయాలి. మీకు డాక్సీసైక్లిన్ రాశారంటే పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా వంటి జబ్బు ఉందేమోనన్న అనుమానం ఉండి ఉంటుంది. మన తీరప్రాంతపు ఉక్కపోతలో పిడుదులు ఏడాది పొడుగునా ఉంటాయి, వాటి ద్వారా వచ్చే బెబీసియా గిబ్సోనై అనే పరాన్నజీవి అచ్చం ఇలాగే ఎర్ర కణాలను నాశనం చేయిస్తుంది. దానికి పరీక్ష చేశారో లేదో తప్పక అడగండి. ఒకవేళ అదే అని తేలి అటోవాక్వోన్ మందు రాస్తే, అది కొవ్వుతో కలిస్తేనే ఒంటికి పడుతుంది. పైన కొవ్వు వద్దన్న మాటకు అదొక్కటే మినహాయింపు, అప్పుడు ఎంత కొవ్వు కలపాలో డాక్టరుగారే చెబుతారు.

ఆకలి గురించి మీరు రాసిన మాట చదివి బాధ కలిగింది, ఎందుకంటే అలా అడుగుతున్న కుక్క ముందు తినడం ఎవరికైనా కష్టమే. కాని అది తిండి చాలక పుట్టిన ఆకలి కాదు, ప్రెడ్నిసలోన్ పుట్టించిన ఆకలి. అడిగినప్పుడల్లా పెడితే నెల తిరిగేసరికి ఒళ్ళు పెరుగుతుంది, ఊపిరి అందక ఇప్పటికే అలసిపోతున్న గుండెకు మోయవలసిన బరువు పెరుగుతుంది. రోజు తిండిని పొద్దున్నే తూచి నాలుగు డబ్బాల్లో పెట్టి నాలుగు పూటలా ఇవ్వండి. మధ్యలో అడిగితే ఉడికించిన బీన్స్, సొరకాయ ముక్కలు, కీరా ముక్కలు పెట్టండి, కడుపు నిండుతుంది గాని క్యాలరీలు పెద్దగా ఉండవు. మాత్ర పెట్టే ముద్ద కూడా ఆ డబ్బాల్లోదే కావాలి. నీళ్ళు మాత్రం ఎప్పుడూ కట్టడి చేయకండి. ఈ మందు మీద దాహం, మూత్రం రెండూ పెరుగుతాయి, రాత్రి పడుకునే ముందు మరొకసారి బయటికి తీసుకెళ్ళండి.

వారానికోసారి తూకం చూడండి, కాని తూకాన్ని మాత్రమే నమ్మకండి. ప్రెడ్నిసలోన్ మీద పొట్ట దిగి, కండ కరిగి, బరువు మాత్రం మారకుండా ఉండవచ్చు. వెన్నుపూస మీద, కణతల దగ్గర, తొడల మీద చెయ్యి పెట్టి చూడండి. ఎముకలు వారం వారం మరింత తగులుతుంటే కండ పోతోందని డాక్టరుకు చెప్పాలి. రోజూ పొద్దున కిటికీ వెలుతురులో పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూడండి. బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపే గులాబీ రంగు తిరిగి రావాలి. మూత్రం పోసే చోట తెల్ల కాగితం వేసి రంగు గమనించండి. కాగితం మీద నారింజ లేదా గోధుమ రంగు పడినా, కళ్ళలో పసుపు కనబడినా, మలం నల్లగా తారులా వచ్చినా, పడుకుని ఉన్నప్పుడు కూడా ఊపిరి వేగంగా తీస్తున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. తిండి ముట్టకపోతే నోట్లో సిరంజితో బలవంతంగా పోయకండి, ఎగశ్వాసతో ఉన్న కుక్కకు అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొద్దిగా వేడిచేసి వాసన వచ్చేలా చేతితో అందించండి. ఒక రోజంతా తినకపోతే డాక్టరుతో మాట్లాడండి, తినలేదని ప్రెడ్నిసలోన్ మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.

పీసీవీ నిలకడగా పెరిగాక డాక్టరుగారు ప్రెడ్నిసలోన్‌ను నెలల మీద మెల్లగా తగ్గిస్తూ పోతారు. అప్పుడు ఆకలి కూడా తగ్గి, స్వీటీ గిన్నెలో నాలుగు మెతుకులు వదిలేసే రోజు వస్తుంది. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండి, హుషారుగా తిరుగుతుంటే ఆ మెతుకుల గురించి కంగారుపడి నెయ్యి కలపడం మొదలుపెట్టకండి. చిగుళ్ళు పాలిపోయి ఉండగా తిండి వదిలితే మాత్రం మరుసటి రోజు దాకా ఆగకుండా పీసీవీ చేయించండి, ఎందుకంటే ఈ జబ్బు తిరగబెట్టేది ఎక్కువగా మందు తగ్గించే ఆ వారాల్లోనే.